నడినెత్తి ఎండ, గాజు కప్పు

నల్లగొండ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశ రేఖకు కొద్దిగా ఎగువన, మహబూబ్‌నగర్ కొద్దిగా దిగువన ఉన్నందువల్ల, ఏటా మే 7, 10 తేదీల నడుమ ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరొకసారి ఈ రెండు పట్టణాల మీద మిట్టమధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. నిటారుగా పాతిన గుంజ నీడ ఆ కాసేపు దాని మొదట్లోనే ఒదిగిపోతుంది. ఖగోళశాస్త్రంలో శూన్యఛాయా దినమనే ఈ రోజు మొదటిసారి ఇక్కడ వడగాడ్పుల నెలలోనే వస్తుంది, నడినెత్తి ఎండ ఆ ఒక్క రోజుతో తీరిపోదు కూడా. ఏప్రిల్ రెండో వారం నుంచి ఆగస్టు నెలాఖరు దాకా మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి పది డిగ్రీలకు మించి పక్కకు ఒరగడు. బెర్లిన్‌లో నడివేసవిలో సైతం అతడు 29 డిగ్రీల దూరంలోనే ఆగిపోతాడు, చలికాలంలో ఇంకా కిందికి దిగుతాడు. కారు కప్పును గాజుతో మూసి కాస్త వెలుగు తెచ్చుకోవాలన్న ఆలోచన ఆ ఆకాశం కింద సహజమే. పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ మెట్టనేలల మీద మాత్రం ఎండను అడ్డుకోవలసిన చోటు పక్క కిటికీ కంటే ముందు నెత్తిమీది కప్పే.

చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేటల మీదుగా విజయవాడకు సాగే 65వ నంబరు జాతీయ రహదారి తూర్పు పడమరలుగా, షాద్‌నగర్, జడ్చర్లల మీదుగా కర్నూలుకు దిగే 44వ నంబరు రహదారి ఉత్తర దక్షిణాలుగా పోతాయి కనుక, సాయంత్రపు ఎండ ఒకదానిపై హైదరాబాదు వైపు వెళ్లేవాళ్ల కంట్లో కొడితే, రెండోదానిపై పక్క అద్దాల్లోంచి పడుతుంది. పట్టపగలు మాత్రం కారు ఏ దిక్కుకు పోయినా ఎండ ప్రధానంగా తగిలేది కప్పుకే.

గాజు కప్పులున్న కార్లలో కొన్నింటికి గాజు కింద జరిగే తెర ఉంటుంది, మీట నొక్కితే మూసుకుంటుంది. 2025 జులైలో భారతదేశంలో అమ్మకానికి వచ్చిన టెస్లా మోడల్ వై వంటి వాటిలో కప్పంతా కదలని గాజే, తెర ఉండదు. ఎండను ఆపే పనంతా ఆ గాజు ముదురు రంగూ దాని పొరలే చేయాలి.

ఎండ అంటే కంటికి కనిపించే వెలుగు మాత్రమే కాదు. నేలను చేరే సూర్యశక్తిలో సుమారు సగం పరారుణ కిరణాలది, అంటే ఎరుపు రంగుకు ఆవల ఉండి కంటికి అందక ఒంటికి వేడిగా తెలిసేవి. చర్మాన్ని కమిలించే అతినీలలోహిత కిరణాల వాటా చాలా చిన్నది. రెండు గాజుపలకల నడుమ ప్లాస్టిక్ పొర పెట్టి అతికించిన లామినేటెడ్ గాజు వాటిని దాదాపు పూర్తిగా ఆపుతుంది కనుక, చర్మం కమలదన్న మాట నిజమే. వేడి సంగతి వేరు. మబ్బులేని మధ్యాహ్నం చదరపు మీటరు మీద సుమారు 1000 వాట్ల శక్తి పడుతుంది, ఇస్త్రీ పెట్టె ఒకటి తలపైన ఆగకుండా పనిచేస్తున్నట్టే లెక్క. ముదురు గాజు అందులో అధిక భాగాన్ని తానే పీల్చుకుంటుంది. పీల్చుకున్నది మాయమైపోదు, గాజు కాగి, ఆ వేడిలో కొంత బయటి గాలికి, కొంత కిందనున్న తలలకు చేరుతుంది. కారు కదులుతున్నంతసేపు గాలి చాలా వేడిని ఈడ్చుకుపోతుంది, విజయవాడ రహదారి మీది పంతంగి టోల్‌గేటు వరుసలో ఆగినప్పుడు ఆ సాయం తగ్గిపోతుంది. ఏసీ చల్లగా వీస్తున్నా మాడు మీద సెగ తగులుతోందని వెనుక సీటులోని పెద్దవాళ్లు అంటే దాన్ని భ్రమగా కొట్టిపారేయకూడదు. ఏసీ చల్లబరిచేది గాలిని, కాగిన గాజు మాత్రం గాలితో నిమిత్తం లేకుండా నేరుగా ఒంటి మీదికి వేడిని ప్రసరిస్తుంది.

గాజు లోపల ముదురు గుడ్డ కడితే వెలుగు ఆగుతుంది గాని వేడి ఆగదు, ఎందుకంటే ఎండ అప్పటికే గాజు దాటి వచ్చింది, గుడ్డ దాన్ని వేడిగా మార్చింది, అలా మారిన వేడి కిరణాలను గాజు తిరిగి బయటికి పోనివ్వదు. నీడ ఎప్పుడూ సూర్యుడి వైపే ఉండాలన్న ఈ సూత్రం తెలంగాణ పల్లెలకు కొత్త కాదు. ఇంటి ముందు తాటికమ్మలతో వేసే చలువ పందిరి గోడకూ గడపకూ ఎండ తగలకముందే దాన్ని ఆపుతుంది, కమ్మల సందుల్లోంచి పారే గాలి పందిరి పీల్చుకున్న వేడిని ఎప్పటికప్పుడు తీసుకుపోతుంది. కురుమల గొంగడి నల్లనిదైనా ఎండకు పనికొచ్చేది ఇందుకే, ముతక ఉన్నిలో చిక్కుకున్న గాలి వేడెక్కిన పైముఖాన్ని ఒంటికి దూరంగా ఉంచుతుంది. ఇంత తెలిసిన నేలలో కారు కప్పుకు నల్లటి వలగుడ్డ తగిలించి నీడ అయిందనుకోవడం బాధాకరం.

పరుగెత్తే కారు మీద పందిరి వేయలేరు కనుక, లోపలి తెర చేయగలిగిన పని ఒక్కటే, వెలుగు వేడిగా మారకముందే దాన్ని వెలుగుగానే వెనక్కి తిప్పడం. అందుకు గాజు వైపు ముఖం వెండిరంగుదో తెల్లనిదో కావాలి, తల వైపు ముఖం ఏ రంగైనా ఫరవాలేదు. పాత దినపత్రికలు అతికించి గాజు ఆకారాన్ని కత్తిరించుకొని, ఆ అచ్చు మీద గుడ్డ కుట్టి, అంచు చుట్టూ సన్నని ఉక్కు తీగ దూర్చితే జారకుండా నిలుస్తుంది. కప్పు పక్క అంచుల్లో, ప్రమాదం జరిగితే తెరలా విచ్చుకునే ఎయిర్‌బ్యాగులు ఉంటాయి, వాటి మీద క్లిప్పులు బిగించడం, బంక పూయడం ప్రాణాంతకం కావచ్చు.

గాజుకు ఎండను ఆపే ఫిల్ము అతికించే దారి ఇంత సులువు కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 100వ నియమం ముందు, వెనుక అద్దాలు కనీసం 70 శాతం, పక్క అద్దాలు కనీసం 50 శాతం వెలుగును పోనివ్వాలంటుంది. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు అద్దాలకు ఫిల్ము అతికించడాన్ని నిషేధించింది, ఆ శాతాలకు లోబడిన ఫిల్ముకు అనుమతి ఉందని 2024లో కేరళ హైకోర్టు అంది. తీసి పెట్టుకోగల గుడ్డతెర కప్పుకే పరిమితమైతే డ్రైవరు చూపుకు అడ్డురాదు.

కారు నిలిపినప్పుడు మాత్రం పందిరి సూత్రాన్ని పూర్తిగా పాటించవచ్చు, చెట్టు కిందో రేకుల షెడ్డులోనో పెట్టడం, అదీ లేకపోతే బయటి నుంచి తెల్లటి కవరు కప్పడం. 2005లో పీడియాట్రిక్స్ వైద్యపత్రికలో వచ్చిన అమెరికా పరిశోధన ప్రకారం ఎండలో నిలిపిన కారు లోపల ఉష్ణోగ్రత గంటలో సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది, అందులో 80 శాతం మొదటి అరగంటలోనే, కిటికీలు కాస్త దించి ఉంచినా పెద్ద తేడా ఉండదు. కవరు ఉన్నా సరే పసిపిల్లల్ని క్షణం కూడా లోపల వదలకూడదు.

పాలమూరులోనో నల్లగొండలోనో కొత్త కారు కొనే కుటుంబానికి ఒకే మోడల్‌లో రేకు కప్పూ గాజు కప్పూ రెండూ దొరికితే రేకు కప్పే మేలు. గాజు కప్పు ఇప్పటికే ఉన్నవాళ్లు ఉగాది నాటికి తెర కుట్టించుకోవాలి.