గోడ మీద ముప్పై తిథులు

గోడ కేలండర్లో చంద్రుడికి దక్కేది నెలకు రెండే గుండ్రాలు. అమావాస్యకు నల్లది, పున్నమికి తెల్లది. మిగతా ఇరవై ఎనిమిది తిథులూ తేదీ పక్కన చీమతలకాయంత అక్షరాల్లో ఇరుక్కుంటాయి. నోములూ ఉపవాసాలూ ఉన్నవాళ్లు తప్ప వాటి జోలికి ఎవరూ పోరు. ఆ ముప్పై తిథులకూ ముప్పై బొమ్మలు వేసుకోవడం ఇంట్లో తీరిగ్గా చేసుకోదగ్గ పని. ఒక నల్ల చార్టు, తెల్ల పోస్టర్ కలర్, పిల్లల జామెట్రీ బాక్సు, ఆ ఏటి పంచాంగం ఉంటే చాలు.

గళ్లు గీసేటప్పుడే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఇంగ్లీషు తేదీలకు గళ్లు పెడితే పున్నమి నెలనెలా పక్కకు జరిగిపోతుంది. నిలువు వరసలను తిథులకు ఇచ్చి, తేదీని చంద్రుడి కింద రాయడమే మేలు. మన నెల పాడ్యమితో మొదలై అమావాస్యతో ముగుస్తుంది కాబట్టి ఒక్కో అడ్డవరస ఒక్కో మాసమవుతుంది. పున్నములన్నీ పదిహేనో వరసలో ఒకదాని కింద ఒకటి వచ్చి కూర్చుంటాయి.

చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు దూరం జరిగితే ఒక తిథి. ముప్పై తిథులకు 360 డిగ్రీలు. ఈ లెక్క చూసి వెలుగును కూడా పదిహేను సమభాగాలు చేస్తే బొమ్మ తప్పుతుంది. దూరం సమంగా పెరిగినా మనకు కనిపించే వెలుగు సమంగా పెరగదు. సరైన కొలతకు సులువైన దారి ఉంది. కాగితం మీద 20 సెంటీమీటర్ల వ్యాసంతో అర్ధవృత్తం గీసి, కోణమానినితో 12 డిగ్రీలకొక గుర్తు పెట్టండి. ప్రతి గుర్తు నుంచీ వ్యాసం మీదికి నిట్టనిలువుగా గీత దించండి. అంచు నుంచి ఆ గీత దాకా ఎన్ని సెంటీమీటర్లుంటే, 2 సెంటీమీటర్ల చందమామలో వెలుగు వెడల్పు అన్ని మిల్లీమీటర్లు. విదియ ముగిసేసరికి ఒక మిల్లీమీటరు కూడా నిండదు. పంచమికి 5, సప్తమికి 9, అష్టమికి 11, దశమికి 15. త్రయోదశికే 19 దాటుతుంది. అందుకే పున్నమికి ముందురోజు చంద్రుణ్ని చూసి చాలామంది పున్నమే అనుకుంటారు. సరిగ్గా సగం చంద్రుడు కనిపించేది అష్టమి నడిమధ్యలో.

చందమామ మీద ఆ వెడల్పుకు గుర్తు పెట్టి, పైకొన నుంచి కిందికొనకు ఆ గుర్తు మీదుగా వంపు గీసి, వెలుగు భాగానికి తెలుపు వేస్తే చంద్రుడు తయారు. శుక్లపక్షానికి అట్ట మీద పద్నాలుగు అచ్చులు కత్తిరించుకుంటే బహుళపక్షానికి వేరే అక్కర్లేదు. చతుర్దశి అచ్చు తిరగేస్తే బహుళ పాడ్యమి, దశమి అచ్చు తిరగేస్తే బహుళ పంచమి.

అచ్చు కేలండర్లలోని నిలువు నెలవంకను మాత్రం కాపీ కొట్టకండి. అది మనకు చాలా ఉత్తరాన ఉన్న దేశాల్లో కనిపించే చంద్రుడు. మాఘం నుంచి చైత్రం దాకా మన పడమటి ఆకాశంలో సాయంకాలపు నెలవంక పడవలా వెల్లకిలా ఉంటుంది. భాద్రపద, ఆశ్వయుజాల్లో కుడికి ఒరుగుతుంది. అచ్చును ఆ మేరకు తిప్పి పెట్టుకోవాలి. భాద్రపద శుద్ధ చవితి నాటి బొమ్మను ఆకాశంతో పోల్చి చూసుకోవడం మాత్రం మీ ధైర్యాన్ని బట్టి!

ఇక తేదీలు. తిథి ఒకసారి ఇరవై గంటల్లో అయిపోతుంది, ఇంకోసారి ఇరవై ఆరు గంటలు దాటుతుంది. సూర్యోదయానికి ఉన్న తిథే ఆ రోజు తిథి. రెండు సూర్యోదయాల మధ్యే పుట్టి ముగిసిపోయేది క్షయ తిథి. దానికి సొంత తేదీ ఉండదు కాబట్టి ముందు గడిలోని తేదీనే మళ్లీ రాయాలి. రెండు సూర్యోదయాలకు ఉండేది వృద్ధి తిథి. ఆ గడిలో రెండు తేదీలు పడతాయి. పండగలను తేదీ చూసి కాక పంచాంగం చూసి గుర్తుపెట్టుకోండి. దీపావళికి సాయంత్రం అమావాస్య ఉండాలి, శివరాత్రికి అర్ధరాత్రి చతుర్దశి ఉండాలి.

పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులు. సౌరమానంతో ఏటా వచ్చే పదకొండు రోజుల తేడాను అధికమాసం సర్దుతుంది. 2026 మార్చి 19న మొదలైన పరాభవలో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. అంటే ఈ చార్టుకు పదమూడు వరసలు కావాలి. బజారులో దొరికే 56 సెంటీమీటర్ల ఎత్తు, 71 సెంటీమీటర్ల వెడల్పు చార్టులో ఇవన్నీ పడతాయి, ఎడమ అంచున మాసాల పేర్లకు కూడా చోటు మిగులుతుంది.

అయ్యాక దాన్ని అలంకారంగా వదిలేయకండి. శుక్లపక్షంలో సాయంత్రం, బహుళపక్షంలో తెల్లవారుజామున బయటికొచ్చి, చంద్రుడు కనిపించిన రోజు ఆ గడిలో పెన్సిల్‌తో చుక్క పెట్టండి. శ్రావణంలో మబ్బుల వల్ల చాలా గళ్లు ఖాళీగా ఉంటాయి, ఉండనివ్వండి. అచ్చులు పారేయకుండా దాచుకోండి. 2027 ఏప్రిల్ 7న వచ్చే ప్లవంగకు పన్నెండు వరసలే చాలు, అచ్చులు మాత్రం ఇవే.