ఎత్తైన కార్యాలయ భవనం – ఎండ తర్కం: మెనారా మెసినియాగా విమర్శనాత్మక పరిశీలన

కీలకపదాలు: ఎత్తైన కార్యాలయ భవనాలు, ఉష్ణమండల వాస్తురచన, సూర్యతాపం, కర్బన ఉద్గారాలు, కెన్ యాంగ్.

1. ప్రవేశిక

ఎండ అధికంగా ఉండే దేశాలలోనూ ఎత్తైన కార్యాలయ భవనమంటే నాలుగువైపులా అద్దం తొడిగి, లోపల చేరిన వేడిని యంత్రాలతో తోడిపోసే కట్టడమన్న భావన ఇరవయ్యో శతాబ్దపు ద్వితీయార్ధంలో బలపడింది. ఈ భావనను రూపకల్పన దశలోనే ప్రశ్నించిన కట్టడం మెనారా మెసినియాగా. మలేసియా వాస్తుశిల్పి కెన్ యాంగ్ కౌలాలంపూర్ సమీపంలోని సుబాంగ్ జయలో రూపొందించిన ఈ 15 అంతస్తుల భవనం 1992లో పూర్తయింది. 1995లో ఆగాఖాన్ వాస్తు పురస్కారాన్ని పొందింది.

2. రూపకల్పనలోని తర్కం

ఆ ప్రాంతం భూమధ్యరేఖకు దాదాపు 3 డిగ్రీల ఉత్తరాన ఉంది. మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి చేరువగా ఉంటాడు కనుక గోడలను అధికంగా వేడెక్కించేది తూర్పు, పడమరల నుండి ఏటవాలుగా పడే ఎండ. అందుకే యాంగ్ లిఫ్టులు, మెట్లు, మరుగుదొడ్లను భవనం నడుమ గాక తూర్పు అంచున అమర్చారు. ఉద్యోగులు రోజంతా కూర్చోని భాగమే ఉదయపు ఎండను భరిస్తుంది. వెలుపలి గోడకు ఆనుకున్నందున దానికి సహజమైన గాలి, వెలుతురు అందుతాయి. ఎండ తగిలే ముఖాలకు బయట అల్యూమినియం నీడపలకలున్నాయి. అద్దం దాటిన ఎండను లోపలి తెరలు పూర్తిగా వెనక్కి పంపలేవు. బయటే ఆగిన ఎండ యంత్రానికి భారం కాదు.

3. పరిమితులు

అయితే కార్యాలయ అంతస్తులు ఎయిర్ కండిషనర్లపైనే ఆధారపడ్డాయి. సర్పిలంగా పైకి సాగే తోటలు తెచ్చిన కీర్తి విద్యుత్ మీటరు పలికే సాక్ష్యానికి ప్రత్యామ్నాయం కాజాలదు. పైగా ఉక్కు, సిమెంటు, అల్యూమినియం తయారీలోనే వెలువడే కర్బనం నిర్వహణలోని పొదుపు లెక్కలో కనిపించదు. విద్యుత్తు ఆదా చేసే భవనం, అల్ప కర్బన భవనం ఒకటి కావు.

4. హైదరాబాదుకు అన్వయం

ఈ నమూనాను యథాతథంగా అనుకరించడమూ పొరపాటే. మెసినియాగాలో దక్షిణపు అద్దాలకు నీడ అవసరం అంతగా కనిపించలేదు. 17 డిగ్రీల అక్షాంశంపైనున్న హైదరాబాదులో డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు దాదాపు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. కనుక దక్షిణపు కిటికీలకు చూరు తప్పనిసరి. ప్రమాణం విషయంలో పోచారంలోని ఇన్ఫోసిస్ భవనం గమనార్హం. అది ఎత్తైన భవనం కాదు. కానీ దానిని రెండు సమభాగాలుగా విభజించి, ఒకదానిని చల్లని గాలితోనూ, రెండవదానిని శ్లాబులలోని గొట్టాలలో ప్రవహించే చల్లని నీటితోనూ చల్లబరిచారు. రెండవ భాగం శీతలీకరణకు దాదాపు మూడోవంతు తక్కువ విద్యుత్తు వినియోగించినట్లు కొలతలు తేల్చాయి.

5. ఉపసంహారం

మెసినియాగా క్రమాన్ని నేర్పింది: మొదట ఎండను ఆపాలి, ఆ తరువాతే యంత్రాన్ని ఎంచుకోవాలి. పోచారం నిరూపణను నేర్పింది. ఈ రెండూ లేని హరిత భవనం, ఎంత ఎత్తున నిలిచినా, పేరుకే హరితం.