నేలకు దాపుగా, నెమ్మదిగా

కారునకు వేగమే భూషణమని తలచు కాలమున, మెల్లగా పోవుటనే ఒక కళగా సాధించినవారు లాస్ ఏంజెలెస్ నగరపు తూర్పు పేటలలోని మెక్సికన్ అమెరికన్ యువకులు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట వారు చవుకగా దొరకిన పాత షెవ్రొలె కార్లను కొని, నిగనిగలాడు రంగులు పూసి, వాని మేనును నేలకు జేరవేసి, వారాంతపు రాత్రులయందు విట్టియర్ బూలెవార్డుపై ఊరేగుచుండిరి. లోరైడరు అను పేరు ఈ సంప్రదాయమునకే చెల్లినది.

కారును కుంగదీయుటకు వారు తొలుత ఎన్నుకొన్న ఉపాయములు చేతిలో పైకము లేనివారి ఉపాయములు: డిక్కీలో ఇసుక బస్తాలు వేయుట, ఇరుసునకును వెనుక కమానుకట్టలకును నడుమ దిమ్మెలు పెట్టుట, కాయిల్ స్ప్రింగును కోసి పొట్టిచేయుట. వీనిలో కోతకు చెల్లింపవలసిన మూల్యము మెండు. చుట్లు తగ్గినకొలది స్ప్రింగు బిరుసెక్కును. ఎనిమిది చుట్లలో రెండింటిని తీసివేసినచో, మిగిలినది మునుపటికన్న మూడవ వంతు అధికముగా బిగిసియుండును. కోయుటకు మారుగా గ్యాసు మంటతో కాల్చి దించినచో, ఉక్కునకు పెట్టిన పదను చెడి, స్ప్రింగు నానాటికి కుంగుచునే యుండును.

ఇంతలో, 1958 జనవరి 1 నుండి అమలైన కాలిఫోర్నియా వాహనచట్టపు 24008వ విభాగము, మార్పుచేసిన కారులో చక్రములు దక్క మరి యే భాగమును రిమ్ము అడుగు అంచుకన్న క్రిందికి దిగరాదని శాసించెను. స్ప్రింగు కోసినవాడు దానిని మరల అతికింపజాలడు గదా! జరిమానాలతో విసిగిన రాన్ అగ్వీరే అను వాహనప్రియుడు 1959 ప్రాంతమున, విమానములనుండి తీసిన హైడ్రాలిక్ పరికరములను తన 1957వ సంవత్సరపు కార్వెట్ కారునకు అమర్చి, కోరినపుడు దిగుచు, కోరినపుడు లేచు మార్గమును కనుగొనెను.

అట్టి కారు డిక్కీ తెరచి చూచినచో, దాని నిర్మాణము తేటపడును: వరుసగా నిలిపిన బ్యాటరీలు, వానితో తిరుగు పంపులు, నూనె తొట్టి, చక్రముల వైపునకు సాగిన గొట్టములు. డ్రైవరు ముందున్న మీటను నొక్కగానే నూనె సిలిండరులోనికి దూరి, స్ప్రింగుపై నిలిచిన కారును లేపును. వాల్వు తెరచుకొన్నంతనే కారు బరువే ఆ నూనెను తొట్టికి మరలించును. ఇచట గ్రహింపదగిన మర్మమొకటి కలదు: మెత్తదనము స్ప్రింగుది, ఎత్తు నూనెది. కోతలో ఒకదానితో నొకటి పెనవేసికొనిపోయిన రెండు గుణములను ఈ యంత్రము వేరుచేసినది.

నేటి వాహనప్రియుడు లోయరింగ్ స్ప్రింగులా, కాయిలోవర్లా అని తర్కించునపుడు, ఎత్తును ఒక్కసారిగా తగ్గించుటయా, కోరినపుడు మార్చుకొనుటయా అను ఆ పాత ప్రశ్ననే మరల అడుగుచున్నాడు. మొదటివి తక్కువ ఖరీదునకు దొరకి, ఉన్న షాక్ అబ్జార్బరులతోనే పనిచేయునుగాని, అవి ఇచ్చు ఎత్తు ఒక్కటే. కాయిలోవరులో స్ప్రింగును షాక్ అబ్జార్బరును ఒకే కూర్పుగా నుండుటచేత, మరచుట్లపైని కాలరును పానాతో త్రిప్పి ఎత్తును మార్చుకొనవచ్చును. ఒకే త్రోవన తిరుగుచు, కొద్దిపాటి దిగుదలతో తృప్తిపడువానికి మంచి స్ప్రింగులే చాలును. త్రోవలు మారువాడు, బరువులు మార్చువాడు కాయిలోవర్లకై వెచ్చించిన సొమ్ము వ్యర్థము కాదు.

అయినను ఈ కళ విలువ లోహముతో ముగియదు. గులాబివర్ణపు మేనిపై చేతితో చిత్రించిన గులాబులతో నొప్పు జెస్సీ వలదేస్ గారి 1964వ సంవత్సరపు ఇంపాలా, ‘జిప్సీ రోజ్’, 2017లో వాషింగ్టన్ నగరపు నేషనల్ మాల్‌లో ప్రదర్శింపబడినది. ఊరేగింపులను పెక్కు పట్టణములు నిషేధించిన దినములలో, ఆ పేటలవారు తమ ఓర్పును, అభిరుచిని, చేతిపనిని నలుగురి కన్నుల యెదుట నిలిపినది ఇట్టి కార్లతోనే.

2024 జనవరి 1న ఆ ఊరేగింపు నిషేధములును, ఆ 24008వ విభాగమును కాలిఫోర్నియాలో రద్దయినవి. అయినను ఎవ్వరును పంపులను ఊడదీయలేదు. చట్టమును తప్పించుకొనుటకు పుట్టిన ఆ యంత్రము, చట్టము తొలగిన పిదపకూడ, విట్టియర్ వీథిలో కారును మెల్లగా వంచుచు, మెల్లగా లేపుచునే యున్నది.