చేతివాటమా, జిగ్గా?

లేత్ మీద వాడే ఉలికి పడేంత శ్రమ వడ్రంగి పెట్టెలోని మరే పనిముట్టుకూ పడదు. మూడంగుళాల మందం కర్ర నిమిషానికి 1000 చుట్లు తిరుగుతుంటే, ఉలి అంచు కింద నిమిషానికి దాదాపు 240 మీటర్ల కర్ర దొర్లిపోతుంది. అంటే పది నిమిషాల్లో రెండు కిలోమీటర్ల పైమాటే. అందుకే ఒక్క గిన్నె పూర్తయ్యేలోపు ఉలిని మళ్లీ మళ్లీ గ్రైండర్ దగ్గరికి తీసుకెళ్లక తప్పదు. ఇన్నిసార్లు చేసే పని ప్రతిసారీ ఒకే తీరుగా జరగాలన్నది నా వాదన. చేతి అంచనాతో సానపట్టడమే పనితనమని, ఉలిని ఒకే కోణంలో బిగించి ఉంచే జిగ్ వాడటం చేతకానితనమని చాలామంది అనుకుంటారు. ప్రత్యేకమైన ఉలుల విషయంలో ఆ మాట నిలవదు.

గిన్నెలు తొలిచే గౌజ్‌నే చూడండి. అమెరికా టర్నర్ డేవిడ్ ఎల్స్‌వర్త్ పేరుతో ప్రచారంలో ఉన్న తీరులో ముక్కు దగ్గర సుమారు 60 డిగ్రీల వాలు ఉంటుంది. అక్కణ్నుంచి రెండు రెక్కలూ బాగా వెనక్కి సాగుతాయి. ఈ వంపు ఎక్కడా విరగకూడదు. ఎందుకంటే టర్నర్ ముందు వాలును కర్రకు ఆనించి, ఆ ఆసరాతోనే అంచును కోతలోకి దించుతాడు. వాలు మీద రెండు మూడు పలకలు పడితే ఆసరా తప్పుతుంది, అంచు ఒక్కసారిగా కర్రలోకి దిగబడుతుంది. గిన్నె పగలొచ్చు, చేతికి దెబ్బా తగలొచ్చు. ఖర్చు మాటా ఉంది. కోణం రెండు డిగ్రీలు తగ్గినా, వాలంతా అరగదీస్తే తప్ప రాయి అంచును చేరదు. పాత కోణమే దొరికితే రెండు మూడు తేలికపాటి స్పర్శలు చాలు. వాలు మీద మార్కర్ సిరా పూసి రాయికి తాకించి చూస్తే, కోణం కుదిరిందో లేదో సిరా చెరిగిన చోటే చెబుతుంది.

మరి మన ఏటికొప్పాక సంగతేమిటని అడగొచ్చు. అంకుడు మెత్తని కర్ర. లక్కబొమ్మల పనిలో ఎక్కువ భాగం బయటివైపు చెక్కడమే. తిన్నని అంచుకు ఒకటే వాలు కాబట్టి, ఏళ్ల అనుభవమున్న చేతికి జిగ్ అక్కర్లేదని ఒప్పుకుంటాను. 70, 80 డిగ్రీల మొండి వాలుండే స్క్రేపర్‌కూ అంతే, గ్రైండర్ ముందున్న బల్ల సరిపోతుంది. రెండు దిశల్లో వంపు తిరిగిన రెక్కల గౌజ్‌కు ఆ మినహాయింపు ఇవ్వలేం.

సానే అక్కర్లేని కార్బైడ్ బిళ్లలు కొనుక్కోవచ్చు కదా అనేవాళ్లూ ఉన్నారు. లోతైన కుండీలు తొలచడానికి అవి మేలైనవే. కానీ మామూలుగా వాడే తీరులో అవి కర్రను గీకుతాయి, కోయవు. మెత్తని కర్రలో పోగులు లేస్తాయి. గరుకు కాగితంతో సరిచేద్దామంటే చిరుగు పైపైన ఉండదు, అది పోయేదాకా రుద్దితే పదునుగా తీర్చిన గీతలు మొండిబారతాయి. జిగ్ ఒక్కటే అన్నీ చేసిపెట్టదన్నదీ నిజమే. సానపట్టే వేడికి కార్బన్ స్టీలు ఉలి అంచు నీలిరంగు తిరిగితే, ఎంత చక్కని కోణమున్నా ఆ మేర మెత్తబడిపోయినట్టే. హైస్పీడ్ స్టీలుకు ఆ భయం చాలా తక్కువ.

కాబట్టి మూడో గౌజ్ కొనబోయేవాళ్లు ఆ డబ్బు ముందు జిగ్ మీద పెట్టండి. ఏ ఉలికి ఏ కొలతో ఒక చెక్కముక్క మీద రాసి గ్రైండర్ పక్కనే తగిలించుకోండి.