మెట్లు లేని వాకిలి

ఢిల్లీ ఆర్.కె. పురం బస్‌స్టాపులో చాలాకాలం బస్సును రంగును బట్టే గుర్తుపట్టేవారు. ఆకుపచ్చదైతే ఏసీ లేని లోఫ్లోర్, ఎర్రదైతే ఏసీ, నారింజ రంగుది ప్రైవేటు ఆపరేటర్లు నడిపే క్లస్టర్ బస్సు, నీలం రంగుది ఎలక్ట్రిక్. కానీ అసలు పనితనం తెలియాలంటే వాకిలి దగ్గర చూడాలి.

పాతకాలపు సిటీ బస్సును లారీ ఛాసిస్ లాంటి దానిమీదే కట్టేవారు. కింద ఇరుసులు, వాటిమీద ఉక్కు దూలాలు, డ్రైవరు పక్కన ఇంజను, అన్నిటికీ పైన ఫ్లోరు. అందుకే ఎక్కాలంటే మెట్లు తప్పేవి కావు.

2010 కామన్‌వెల్త్ క్రీడల నాటికి ఢిల్లీ రవాణా సంస్థ డీటీసీ తెచ్చిన లోఫ్లోర్ బస్సుల్లో ఫ్లోరు రోడ్డుకు 400 మిల్లీమీటర్ల ఎత్తుకు దిగింది. దానికోసం కిందున్న సామగ్రికంతా కొత్త చోటు చూడాల్సి వచ్చింది. ఇంజను వెనక్కి వెళ్లింది. సుప్రీంకోర్టు 1998లో ఇచ్చిన ఆదేశంతో ఢిల్లీ బస్సులు సీఎన్‌జీకి మారాయి. సుమారు 200 బార్ల ఒత్తిడితో గ్యాసు నింపే ఆ సిలిండర్లు టాపు మీదికి చేరాయి. సీఎన్‌జీ గాలికన్నా తేలిక కాబట్టి ఒకవేళ లీకైనా పైకే పోతుంది. చక్రాలను మాత్రం ఎక్కడికీ జరపలేరు. అందుకే లోపలికి పొడుచుకొచ్చిన చక్రాల గూళ్ల మీద సీట్లు బిగించారు.

ఇక సస్పెన్షన్. కమాను పట్టీల బదులు గాలి నింపిన రబ్బరు తిత్తులు ఉంటాయి. జనం ఎక్కేకొద్దీ బాడీ కిందికి దిగుతుంది. అప్పుడు ఇరుసుకు తగిలించిన చిన్న కడ్డీ కదిలి వాల్వును తెరుస్తుంది, తిత్తుల్లోకి మరింత గాలి వెళ్తుంది. జనం దిగితే అదే కడ్డీ గాలిని బయటికి వదిలిస్తుంది. బస్సు ఖాళీగా ఉన్నా కిక్కిరిసినా వాకిలి ఎత్తు మారదు. వంగే ఏర్పాటున్న బస్సులో డ్రైవరు స్విచ్ నొక్కితే వాకిలి వైపు తిత్తుల్లో గాలి తగ్గి, బస్సు ఫుట్‌పాత్ వైపు ఒరుగుతుంది. అప్పుడు ర్యాంపు తెరిస్తే చక్రాల కుర్చీ లోపలికి వెళ్తుంది.

2019లో వచ్చిన నారింజ బస్సులు ఇదే పనికి మరో దారి పట్టాయి. ఫ్లోరు ఎత్తుగానే ఉంచి, కుర్చీని పైకెత్తే హైడ్రాలిక్ లిఫ్టు అమర్చారు. 2022లో రోడ్డెక్కిన 12 మీటర్ల ఎలక్ట్రిక్ బస్సులు మళ్లీ లోఫ్లోర్ దారికే వచ్చాయి. 2025లో వచ్చిన ‘దేవి’ అనే చిన్న ఎలక్ట్రిక్ బస్సు పొడవు 9 మీటర్లే. పెద్ద బస్సు తిరగలేని కాలనీ మలుపుల కోసం ఈసారి పొడవునే తగ్గించారు.

ఇంజను, సిలిండర్లు ఎక్కడ పెట్టాలో ఇంజనీర్లు అంత ఓపిగ్గా ఆలోచించారు కాబట్టే, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకు బస్సెక్కడం ఒక్క అడుగు పనైంది.