ముల్లర్ ఇళ్లు, స్వాన్సన్ ఉత్తరాలు

మన సంఘాల్లో అనాథ పిల్లల సేవ మాట వస్తే ముందు వినబడే పేరు జార్జి ముల్లర్‌దే. ఎవరినీ డబ్బు అడగకుండా, ప్రార్థన మీదే ఆధారపడి బ్రిస్టల్‌లో వేల మంది పిల్లల్ని పెంచాడని ఏదో ఒక ఆదివారం ప్రసంగంలో విననివాళ్లు తక్కువ. ఆయన మనకు మరీ దూరపువాడు కూడా కాదు. 1836లో మిషనరీలైన బౌడెన్, బీర్ దంపతుల్ని గోదావరి డెల్టాకు తీసుకొచ్చిన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్, ముల్లర్ భార్య మేరీకి స్వయానా అన్న. సరిగ్గా ఆ ఏడాదే ముల్లర్ విల్సన్ వీధిలో ఒక అద్దె ఇంట్లో మొదటి అనాథ గృహం తెరిచాడు.

ఒక్కో పిల్లకు ఒక్కో దాతను కుదిర్చే స్పాన్సర్‌షిప్‌కు మన దగ్గర ఇంత గౌరవం లేదు. ఫోటో పంపి డబ్బు అడగడం విశ్వాసం చాలనివాళ్ల పద్ధతి అన్న భావం లోలోపల ఉంది. ఈ రెండు పద్ధతుల్నీ దాతవైపు నుంచి కాక పిల్లవైపు నుంచి చూడాలని, అలా చూస్తే స్పాన్సర్‌షిప్పే మిన్న అని నా నమ్మకం.

ముందు ముల్లర్ గొప్పతనం ఒప్పుకోవాలి. ఆనాటి ఇంగ్లండులో చాలా అనాథాశ్రమాల్లో చందాదారులు ఓట్లేసి పిల్లల్ని ఎన్నుకునేవారు. తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడి తరఫున తల్లి గడప గడపకూ తిరిగి ఓట్లు అడగాలి. ముల్లర్ దగ్గర ఆ సిఫారసులు, ఓట్లు ఏవీ లేవు. తల్లిదండ్రులిద్దరూ పోయి, దిక్కులేని స్థితిలో ఉంటే చాలు. వివాహబంధంలో పుట్టి ఉండాలన్న షరతు మాత్రం ఉంది. అది ఆ కాలపు నిబంధనే అయినా, అందరికంటే దిక్కులేని పిల్లల్నే గుమ్మం బయట నిలబెట్టిందని బాధ కలుగుతుంది. 1870 నాటికి ఆష్లీ డౌన్‌లో ఐదు పెద్ద భవనాలు లేచాయి, 2,050 మందికి చోటు దొరికింది. ఆయన జీవితకాలంలో అక్కడ పెరిగినవాళ్లు పదివేల పైచిలుకు. వాళ్లకు చదువు మరీ ఎక్కువ చెబుతున్నాడని, గనులకూ మిల్లులకూ కూలీలు దొరక్కుండా చేస్తున్నాడని తిట్టినవాళ్లున్నారు. ఆ తిట్టును మించిన యోగ్యతాపత్రం ఇంకొకటి అక్కర్లేదు.

మరి అడగకపోవడం మాటేమిటి? ఆయన ఏటేటా నివేదికలు అచ్చువేయించేవాడు కదా, అదీ ఒక రకంగా అడగడమే అన్న విమర్శ పాతదే. నేను దాన్ని పూర్తిగా ఒప్పుకోను. 1841 డిసెంబరులో చేతిలో డబ్బు లేక ఇబ్బంది పడుతున్న రోజుల్లోనే ఆయన ఆ ఏటి నివేదికనూ బహిరంగ సభలనూ వాయిదా వేశాడు, ఇబ్బంది చెబితే అడిగినట్టవుతుందని. అంత నిగ్రహం ఎంతమందికుంటుంది! నన్ను ఆపే విషయం వేరే. అనాథల పోషణ ఆ తర్వాతి ఉద్దేశమనీ, దేవుడు నేటికీ ప్రార్థన ఆలకిస్తాడని లోకానికి చూపడమే మొదటిదనీ ముల్లరే దాపరికం లేకుండా రాశాడు. అంటే పిల్లలు ఒక సాక్ష్యంలో భాగం. ఆయన రాతల్లో వచ్చిన ప్రతి కానుకకూ తేదీ, పెన్నీల దాకా లెక్క ఉంటాయి. పిల్లలు మాత్రం ఎక్కువగా సంఖ్యలుగానే కనబడతారు.

స్పాన్సర్‌షిప్ దీనికి తలకిందులు. 1952లో, కొరియా యుద్ధకాలంలో, సైనికులకు వాక్యం చెప్పడానికి వెళ్లిన అమెరికన్ సువార్తికుడు ఎవరెట్ స్వాన్సన్, సియోల్ వీధుల్లో చచ్చిపోయిన అనాథ పిల్లల్ని లారీల్లోకి ఎత్తిపోయడం చూశాడు. తిరిగి వెళ్లి అడిగాడు, నేరుగా, నోరు తెరిచి. అలా మొదలైన పనే తర్వాత కంపాషన్ అన్న సంస్థ అయింది. ఒక దాత, ఒక పిల్ల, నెలనెలా డబ్బు, మధ్యలో ఉత్తరాలు. ఇక్కడ లెక్కలో పైసా కంటే ముందు పిల్ల పేరు ఉంటుంది.

మొదట్లో ఆ డబ్బూ అనాథాశ్రమాలకే వెళ్లింది. క్రమంగా పని స్థానిక సంఘాలకు మారింది. పిల్ల బడి అయ్యాక సంఘం నడిపే కేంద్రానికి వస్తుంది, తింటుంది, చదువుకుంటుంది, చీకటి పడేసరికి అమ్మ దగ్గరికి వెళ్లిపోతుంది. ఈ రెండు పద్ధతుల మధ్య నాకు అన్నిటికంటే పెద్దగా కనబడే తేడా ఇదే. నిద్రలో ఉలిక్కిపడి లేచిన పిల్లకు పక్కన ఎవరున్నారన్నది, డబ్బు ప్రార్థనతో వచ్చిందా అడిగితే వచ్చిందా అన్నదానికంటే ముఖ్యం. ముల్లర్ సంస్థ కూడా 1958లో ఆష్లీ డౌన్ భవనాలు వదిలి చిన్న కుటుంబ గృహాలవైపు మళ్లింది.

ఫలితం గురించి ఊహతో పనిలేదు. బ్రూస్ వైడిక్, పాల్ గ్లూ, లేన్ రట్లెడ్జ్ అనే ఆర్థికవేత్తలు కంపాషన్ పథకం నడిచిన, మన దేశంతో సహా ఆరు దేశాల్లో 10,144 మంది వివరాలు సేకరించి 2013లో ప్రచురించారు. పథకం ఊళ్లోకి వచ్చేటప్పటికి పన్నెండేళ్లు దాటినవాళ్లకు అవకాశం ఉండదు కనక, ఒకే ఇంట్లో చేరిన తమ్ముణ్ణీ చేరలేకపోయిన అన్ననూ పోల్చగలిగారు. చేరినవాళ్లు ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఎక్కువ చదివారు, పెద్దయ్యాక జీతం వచ్చే ఉద్యోగాల్లో ఎక్కువగా కుదిరారు. ఫీజులు, యూనిఫాం వల్లనే ఇదంతా జరిగిందని నేననుకోను. జకార్తా మురికివాడల్లో పిల్లల చేత తమ బొమ్మలు తామే గీయించి చూస్తే, స్పాన్సర్ ఉన్న పిల్లల బొమ్మల్లో ఆశ ఎక్కువ కనబడిందని వైడిక్ బృందమే తర్వాత చూపింది. నువ్వేం చదువుతున్నావని దూరాన ఉన్న ఒక మనిషి పేరుపెట్టి అడిగితే, పిల్లకు తన రేపటి మీద నమ్మకం పుడుతుంది.

ముల్లర్ దగ్గర స్పాన్సర్‌షిప్ నేర్చుకోవలసిందీ ఉంది. కళ్లలో నీళ్లున్న ఫోటోనే ఏరి పంపడం, పిల్ల చేత కృతజ్ఞతలు పదేపదే రాయించడం ఆ పిల్ల మర్యాదకు దెబ్బ. ఓట్ల కోసం అనాథల్ని తిప్పిన కాలాన్ని ముల్లర్ కాదన్నాడు. మనం దాన్ని ఫోటోల్లో తిరిగి తెచ్చుకోకూడదు.

ఇంకో బలహీనత మన దేశంలోనే బయటపడింది. విదేశీ విరాళాలకు హోం శాఖ ముందస్తు అనుమతి తప్పనిసరి చేశాక, 2017 మార్చిలో కంపాషన్ ఇక్కడి పని మూసేసింది. సుమారు 1,45,000 మంది పిల్లలకు ఉత్తరాలు ఆగిపోయాయి. తప్పొప్పుల వాదన ఎలా ఉన్నా, పిల్ల దృష్టిలో జరిగిందొకటే: తనకు రాసే మనిషి ఉన్నట్టుండి రాయడం మానేసింది.

పిల్లతో ఆ బంధం మన ఊళ్లోనే ఉంటే తెగదు. కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద, తండ్రి పోయిన పేద పిల్ల తల్లి దగ్గరే పెరిగేలా, అర్హత ఉన్నవాళ్లకు నెలకు 4,000 రూపాయలు ఇస్తున్నారు; దాని పేరు కూడా స్పాన్సర్‌షిప్పే. కానీ తల్లికి భర్త మరణ ధ్రువపత్రం తేవడం, బ్యాంకు ఖాతా తెరవడం, జిల్లా బాలల పరిరక్షణ విభాగం చుట్టూ తిరగడం ఒంటరిగా అయ్యే పని కాదు. తల్లి బతికుండగానే పిల్లల్ని హోముల్లో చేర్చుకునే బదులు సంఘాలు ఆ తల్లి వెంట కార్యాలయానికి నడవవచ్చు. పరీక్ష ఎలా రాశావే అని ఆ పిల్లను అడగడానికి సంఘంలో ఒక పెద్దామె చాలు.