వెండితీగ మెలిలో చిక్కిన బలం

సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి, విజాతి ఆవేశాలు ఆకర్షించుకుంటాయి, దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో ఇంతవరకు చదివి లెక్కల్లో పడిపోతాం. కంటికి కనిపించని ఆ బలాన్ని తూచిన పరికరం దగ్గర ఎవరూ ఎక్కువసేపు ఆగరు. నన్నడిగితే ఆగాల్సింది అక్కడే.

ఆ పరికరాన్ని కట్టిన షార్ల్ ఆగస్టిన్ కూలుంబ్ ఫ్రెంచి సైన్యంలో ఇంజనీరు. మార్టినిక్ దీవిలో ఏళ్ల తరబడి కోట కట్టించాడు. 1784లో లోహపు తీగల మెలి గురించి పత్రం రాశాడు. తీగను ఎంత కోణం మెలిపెడితే అంతకు తగ్గ బలంతో అది వెనక్కి తిరుగుతుంది. మందం రెట్టింపైతే ఆ బలం పదహారు రెట్లు. ఈ లెక్క చేతిలో ఉంది కనుకే మరుసటి ఏడు విద్యుత్తును తూచగలిగాడు. తూనికరాళ్ల పని తీగ చేసిపెట్టింది.

ఇక త్రాసును చూడండి. అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గాజు పాత్ర. గాలి తగలకుండా పైన గాజు మూత, దాని మధ్య నుంచి రెండడుగుల గాజు గొట్టం. గొట్టం కొన నుంచి సుమారు 76 సెంటీమీటర్ల వెండితీగ వేలాడుతుంది. అడుగు తీగ మూడు మిల్లీగ్రాములకు కాస్త ఎక్కువ తూగుతుందంటే ఎంత సన్ననిదో ఊహించుకోండి. తీగ కింద అడ్డంగా ఒక సూది. ఆవేశం జారిపోకుండా దాని కొనను లక్కతో చేశాడు. ఆ కొనకు ఐదారు మిల్లీమీటర్ల బెండు బంతి. రెండో కొనకు కాగితపు బిళ్ల. అది బంతికి సరితూకం, పైగా గాలిని అడ్డుకుని సూది ఊగులాటను త్వరగా అణుస్తుంది. ఒకే బిళ్లతో రెండు పనులు! తీగను పూర్తిగా ఒక చుట్టు తిప్పడానికి సూది కొన దగ్గర గ్రెయినులో 340వ వంతు బలం చాలు. నాటి ఫ్రెంచి గ్రెయిను సుమారు 53 మిల్లీగ్రాములు.

కదలకుండా బిగించిన మరో బెండు బంతి, సూది మీది బంతి మొదట ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. మైనపు కడ్డీకి గుచ్చిన గుండుసూదికి ఆవేశమిచ్చి తాకిస్తే రెండూ పంచుకుని విడిపోతాయి. 36 డిగ్రీల దూరంలో సూది ఆగింది, తీగ మెలి కూడా అంతే. గొట్టం కొనన తీగను పట్టి ఉంచే బిరడాను ఎదురుదిశలో 126 డిగ్రీలు తిప్పితే 18కి దగ్గరైంది. రెండూ కలిపి మొత్తం మెలి 144. 567 తిప్పితే ఎనిమిదిన్నరకు వచ్చింది, మొత్తం 575.5. దూరం సగమైతే మెలి నాలుగింతలు, మళ్లీ సుమారు సగమైతే ఇంకో నాలుగింతలు. మూడే రీడింగులు అచ్చువేశాడు. అది తక్కువేనని నేనూ అనుకుంటాను. తర్వాతి కాలంలో ఈ త్రాసును తిరిగి కట్టి చూసినవాళ్లలో కొందరికి ఆ అంకెలు రాలేదు, కొందరికి వచ్చాయి. చెయ్యి తిరిగితే తప్ప లొంగని పరికరమిది.

ఆకర్షణ దగ్గర ఇదే త్రాసు మొండికేసింది. బంతులు దగ్గరయ్యే కొద్దీ లాగే బలం తీగ మెలి కంటే వేగంగా పెరిగిపోయి, రెండూ అతుక్కుపోతాయి. కూలుంబ్ పట్టుబట్టి కూర్చోకుండా పద్ధతే మార్చేశాడు. అడుగు వ్యాసం ఉన్న గోళానికి ఆవేశమిచ్చి, ఎదురుగా పట్టుదారంతో చిన్న లక్క సూదిని వేలాడదీశాడు. దాని కొనకు బంగారు పూత కాగితపు బిళ్ల, అందులో విజాతి ఆవేశం. కదిలిస్తే సూది లోలకంలా ఊగుతుంది. లాగే బలం తగ్గితే ఊపు నెమ్మదిస్తుంది, కాబట్టి ఇక్కడ కొలవాల్సింది కాలం. బలం దూరపు వర్గానికి విలోమంగా ఉంటే ఊగే కాలం దూరంతో పాటే పెరగాలి. గోళం కేంద్రం నుంచి 9, 18, 24 ఫ్రెంచి అంగుళాల దూరాల్లో పదిహేనేసి ఊపులకు 20, 41, 60 సెకన్లు పట్టింది. కూలుంబ్ లెక్క ప్రకారం రావాల్సినవి 20, 40, 54. ప్రయోగం సాగుతుండగా ఆవేశం కొంత గాలిలోకి జారిపోవడమే ఆ తేడాకు కారణమని లెక్కగట్టి చూపించాడు. 60ని మాత్రం 60గానే అచ్చుకిచ్చాడు.